తుడిచిన రాత పూర్తి పాఠం

సోమవారం చేయవలసిన పనులు:

కొత్త రబ్బరు స్టాంపులు మూడూ వచ్చాయో లేదో చూడాలి.
లైసెన్సు నంబరు ఒకటిని అట్ట కవరులో పెట్టి గౌరవంగా అందజేయాలి.
తిరస్కరించిన దరఖాస్తులకు కారణాలు రాయాలి. కారణాల పట్టిక బీరువాలో రెండో అరలో ఉంది.
ఇరవై ఏడో ప్రశ్న ఖాళీగా వదిలినవాళ్లకు ఆఖరిసారి చెప్పి చూడాలి.
తడిగుడ్డ ఒకటి, సాక్షులు ఇద్దరు.
మామయ్య బోర్డు తుడవాలి.

చివరి రెండు పనులనూ ఆమె చిన్న అక్షరాలతో రాసుకుంది. చిన్నగా రాస్తే పని చిన్నదైపోతుందని బి.ఏ. పాసైన పిల్ల ఎలా అనుకుందో మరి.

వాళ్ల వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి ఆమే. అందుకే వీధిలో ఆమెకు పెట్టిన పేరు పోయి "బీయే" అన్న పేరు నిలిచింది. "బీయే వచ్చిందా?", "బీయే, ఈ కాగితంలో ఏముందో కాస్త చదివి పెట్టవే" అనేవాళ్లు. తల్లి బట్టలు కుట్టి చదివించింది. అక్షరాలు మాత్రం నేర్పింది మేనమామ. ఆయన దుకాణాలకు పేర్లు రాసే పెయింటరు. ఆయన చదువు అయిదో తరగతి దగ్గర ఆగినా, అక్షరం మాత్రం అచ్చు వేసినట్టు ఉండేది. డాక్టరు పేరు పక్కన డిగ్రీలు ఎన్నున్నా, ఒక్కటీ వంకర పోనిచ్చేవాడు కాదు.

ఆయన షాపు తలుపు పక్కన ఒక నల్లబోర్డు ఉంది. ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్నే దాని మీద సుద్దముక్కతో రెండు మూడు వాక్యాలు రాస్తాడు. ఏ వీధిలో కాలువ మూత ఊడిందో, ఆసుపత్రికి ఏ వారం డాక్టరు రాలేదో, ఏ బడి పైకప్పు కారుతోందో. దానికి ఆయన పెట్టుకున్న పద్ధతి ఒకటే. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు ఒకే మాట చెప్పాలి. అప్పుడే రాస్తాడు.

"ఇద్దరు స్నేహితులు ఒకే మాట చెబితే అది కబురు. ఇద్దరు శత్రువులు ఒకే మాట చెబితే అది వార్త" అనేవాడు. ఇద్దరి లెక్కల్లో తేడా వస్తే తక్కువ లెక్క రాస్తాడు. ఈ పద్ధతి వల్ల వీధిలో తగువులకు కూడా ఒక ప్రయోజనం ఏర్పడింది. ఎవరైనా రాజీ పడుతున్నారంటే మామయ్య మొహం కాస్త వాడిపోయేది.

ఇదిలా ఉండగా ప్రభుత్వం వారికి ప్రజల మీద ప్రేమ పొంగుకొచ్చింది. అబద్ధపు వార్తలు చదివి జనం పాడైపోతున్నారని కనిపెట్టి, లైసెన్సు లేనివాడు వార్త రాయకూడదని చట్టం చేసింది. చట్టానికి ఒక కార్యాలయం, కార్యాలయానికి ఒక డైరెక్టరు, డైరెక్టరుకు ఒక గుండ్రని కుర్చీ వచ్చాయి. వాటితో పాటు ఒక గుమస్తా ఉద్యోగం కూడా వచ్చింది. అది బీయేకి దొరికింది.

ఆమె ఆ ఉద్యోగంలో మనస్ఫూర్తిగా చేరింది. కారణం లేకపోలేదు. ఆమె చిన్నప్పుడు ఊళ్లో గులాబీ రంగు కాగితం మీద ఒక వారపత్రిక వచ్చేది. లెక్కల టీచరమ్మ పరీక్ష పేపర్లు బయటపెట్టిందని అందులో వేశారు. అంతా అబద్ధం. నిజం తేలేసరికి టీచరమ్మ ఊరు విడిచి వెళ్లిపోయింది. వీధిలో మొదటి డిగ్రీ రావడానికి సగం కారణం ఆ టీచరమ్మ. ఆ కోపం బీయే లోపల అలాగే ఉండిపోయింది.

"డాక్టరుకి లైసెన్సు ఉంది. డ్రైవరుకి ఉంది. మనుషుల పరువుతో ఆడుకునేవాడికి మాత్రం అక్కర్లేదా మామయ్యా?" అని ఆమె ఒక శనివారం సాయంత్రం షాపులో అడిగింది. ఒళ్లో మామయ్య దరఖాస్తు ఉంది. నలభై ఒక్క ప్రశ్నలు. తానే ముత్యాల్లాంటి అక్షరాలతో నింపుతోంది.

"ఆ గులాబీవాడి మీద కోర్టుకెళ్లమని నేను టీచరమ్మకి అప్పుడే చెప్పా. సాక్ష్యం కూడా చెబుతానన్నా" అన్నాడు మామయ్య, కుంచె కడుగుతూ.

"అది వేరు. ముందే ఆపాలి కదా."

"సరే, డ్రైవరు సంగతే తీసుకో. డ్రైవరుకి లైసెన్సు ఎవడిస్తాడు? రోడ్డు మీద వాడితో ఏ సంబంధమూ లేనివాడు. నాకో? నా బండి ఎవడి కాలి మీదికి ఎక్కుతుందో వాడే ఇస్తాడు. వాడి కాలు కాపాడుకుంటాడా, నీ టీచరమ్మ పరువు కాపాడతాడా?"

"నువ్వు అన్నిటికీ ఏదో ఒకటి అంటావులే. ఇరవై ఏడో ప్రశ్న. ఇటీవల రాసిన మూడు వార్తలు, వాటిని మీకు చెప్పినవారి పూర్తి పేరు, చిరునామా."

"ఖాళీగా ఉంచు."

"ఖాళీగా ఉంచితే తిరస్కరిస్తారు మామయ్యా. నేనే కదా అక్కడ కూర్చునేది!"

"అందుకే చెబుతున్నా. నీ చేత్తో ఖాళీగా ఉంచు. మిగతా నలభైలో నా బరువు, ఎత్తు, మా నాన్న పుట్టుమచ్చ అన్నీ రాశావు. వార్త నిజమా కాదా అని ఒక్క ప్రశ్న ఉందా అందులో?"

ఆమె ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. లేదు. నమూనా సంతకాలకు మాత్రం ఆరు గడులున్నాయి.

తల్లి తలుపు దగ్గర నిలబడి, "ఒరే తమ్ముడూ, పిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టకురా. ఎవరి పేరో ఒకరి పేరు పారెయ్" అంది.

"అక్కా, ఇన్నేళ్లూ ఎవరి పేరో ఒకరిది పారేసి ఉంటే, నువ్వు చెప్పినవాటికే నీకు వీధిలో మంచినీళ్లు పుట్టేవి కావు" అన్నాడాయన.

ఇరవై ఏడో గడి తెల్లగా ఉండిపోయింది.

ఆ శనివారం పొద్దున్నే బోర్డు మీద ఈ వార్త కనిపించింది, సోమవారం దాకా అలాగే ఉంది: "మన వాటర్ ట్యాంకు కడిగి ఎనిమిది నెలలైంది. రిజిస్టరులో నెలనెలా కడిగినట్టు ఉంది. నీళ్లు కాచి తాగండి."

ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ తెలియనట్టే. ట్యాంకు పక్క వీధిలో ఒక రిటైర్డు నర్సమ్మ, పంపు ఆపరేటరు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటారు. నీళ్లు వదిలే వేళ గురించి మొదలైన తగువు ఆరేళ్లుగా నడుస్తోంది. ఆమె గోడతో చెబుతుంది, ఆయన గోడకు జవాబిస్తాడు. ఆ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అంటే పొద్దు పడమట పొడిచినట్టే.

సోమవారం నాడు మొదటి రెండు పనులూ చక్కగా జరిగాయి. స్టాంపులు వచ్చాయి. లైసెన్సు నంబరు ఒకటి తీసుకోవడానికి మనిషి కూడా వచ్చాడు. ఆయన ఎవరో కాదు, గులాబీ పత్రిక సంపాదకుడు. ఆయన కాగితాల్లో ఒక్క గడి ఖాళీ లేదు. ఇరవై ఏడో ప్రశ్న కింద మూడు వార్తలకూ "డైరెక్టరు గారు" అని రాశాడు. మూడూ డైరెక్టరు గారి పుట్టినరోజు వార్తలే మరి, అబద్ధం ఎందుకవుతుంది? బీయే అట్ట కవరు రెండు చేతులతో అందించింది. ఆ చేతులకు లెక్కలు నేర్పింది ఎవరో ఆయనకు తెలియదు. "వృద్ధిలోకి రామ్మా" అని దీవించి వెళ్లాడు.

తరువాత డైరెక్టరు, బీయే, సాక్షులుగా ఇద్దరు అటెండర్లు, ఒక తడిగుడ్డ కలిసి మామయ్య షాపుకు బయలుదేరారు.

"ఆయన మీకేమవుతాడమ్మా?" అని డైరెక్టరు దారిలో అడిగాడు.

"మేనమామ సార్."

"మంచిది. బంధుప్రీతి లేదని పేరొస్తుంది మన ఆఫీసుకి."

బోర్డు ముందు నిలబడి ఆమె నిబంధన ప్రకారం రాతను అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద ఎక్కించుకుంది. డైరెక్టరు కూడా కళ్లజోడు సవరించుకుని చదివాడు. మళ్లీ చదివాడు. తరువాత రెండడుగులు పక్కకు జరిగి ఫోను తీశాడు.

"ఆఁ, నేనే. పొద్దున్న బిందె పట్టారే, ఆ నీళ్లు పారబోయండి. కాచి తాగండి. పిల్లలకివ్వకండి... ఎవరు చెబితే నీకెందుకు, చెప్పింది చెయ్!"

ఫోను జేబులో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "ఇటువంటి నిరాధారమైన రాతలు జనాన్ని భయపెడతాయి. తుడవండి."

పెద్ద అటెండరు, "సార్, మా ఇంటికి కూడా ఒక ఫోను చేసుకోమంటారా?" అని ఎంతో వినయంగా అడిగాడు.

తడిగుడ్డ బీయే చేతికొచ్చింది. మామయ్య షాపు గడపలో స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. అదే బోర్డు మీద ఆయన ఆమె చేత "అ" దిద్దించాడు. ఆమె కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు నిలబడింది.

"పై నుంచి కిందికి తుడువమ్మా. అడ్డంగా తుడిస్తే చారలు పడతాయి" అన్నాడు మామయ్య.

ఆమె పై నుంచి కిందికి తుడిచింది.

ఆఫీసుకు తిరిగి వచ్చాక ఆమె తన అలవాటు ప్రకారం నిబంధనల పుస్తకం తీసింది. పని పూర్తయిందని రాసే ముందు పుస్తకం చూడకపోతే ఆమెకు అన్నం సహించదు. కాలేజీలో ఆ గుణాన్ని చూసి నవ్విన వాళ్లున్నారు. పద్నాలుగో నిబంధన పైకి చదవడం మొదలుపెట్టింది.

"తొలగించిన రాతను, ఏది రాయకూడదో ప్రజలకు తెలిసే నిమిత్తం, పూర్తి పాఠంతో సహా, పట్టణంలోని ఏడు వార్డు ఆఫీసుల ముందు..."

ఇక్కడ ఆమె గొంతు కాస్త నెమ్మదించింది. ఒక్క క్షణం ఆగి, డైరెక్టరు వైపు చూసి, మళ్లీ చదివింది. ఈసారి ఒక్క కామా కూడా వదలలేదు.

"... జానెడు ఎత్తు అక్షరాలతో, ముప్ఫై రోజుల పాటు ప్రదర్శించవలెను. అభ్యంతరాలున్నవారు నిర్ణీత ఫారంలో తెలుపుకొనవచ్చును."

"పెట్టించండి మరి" అన్నాడు డైరెక్టరు, లైసెన్సు నంబరు రెండు ఎవరికివ్వాలా అని జాబితా చూసుకుంటూ. "నలుగురికీ బుద్ధి రావాలి. రూల్సు రాసినవాళ్లు ఊరికే రాస్తారా?"

"బోర్డులు రాయడానికి పెయింటరు కావాలి సార్. ఆమోదించిన జాబితాలో ఒక్క పేరే ఉంది."

"ఒక్కడే అయితే వాడికే ఇవ్వండి. ఇందులో అడగడానికేముంది?"

కాగితం చదవకుండానే సంతకం చేశాడు. ఆ ఆఫీసు ముందున్న "పాత్రికేయుల లైసెన్సుల కార్యాలయం" అన్న బోర్డు రాసింది కూడా ఆ పెయింటరే.

మర్నాడు మామయ్య నిచ్చెన, రంగు డబ్బాలు రిక్షాలో వేసుకుని బయలుదేరాడు. సుద్దముక్క కాదు, ప్రభుత్వం వారి ఎర్ర రంగు. నల్లబోర్డు కాదు, నిలువెత్తు రేకులు. "ప్రభుత్వ ఉత్తర్వు మేరకు తొలగించబడిన రాత" అని పైన చీమంత అక్షరాలతో రాశాడు. అవి ఎంత ఎత్తుండాలో నిబంధనలో లేదు మరి. దాని కింద జానెడు అక్షరాలతో: "మన వాటర్ ట్యాంకు కడిగి ఎనిమిది నెలలైంది. రిజిస్టరులో నెలనెలా కడిగినట్టు ఉంది." దానికీ కింద ఇంకా లావుగా: "నీళ్లు కాచి తాగండి." చివర డైరెక్టరు గారి సంతకానికి అచ్చమైన నకలు.

ఇరవై రెండేళ్లుగా ఒక్క వీధి చదివిన బోర్డును ఇప్పుడు పట్టణమంతా చదివింది. సుద్దముక్క రాతను నమ్మని పెద్దమనుషులు కూడా ప్రభుత్వ ముద్ర చూసి నమ్మారు. "చూశారా, మన కోసం గవర్నమెంటు ఎంత శ్రద్ధ తీసుకుంటోందో" అని ఒకాయన భార్యతో చెప్పుకుని మురిసిపోయాడు. ప్రతి పొయ్యి మీదా ఒక గిన్నె నీళ్లు కాగాయి. నాలుగో రోజుకు ట్యాంకు పైకి మనుషులెక్కారు. అడుగు నుంచి తీసిన బురద రెండు ట్రాక్టర్లయింది. దాంట్లో ఏమేం వచ్చాయో నర్సమ్మ గోడతో వివరంగా చెబుతుంటే వీధిలో సగం మంది ఆ పూట భోజనం మానేశారు.

డైరెక్టరుకు పై నుంచి ఫోను వచ్చింది. ఆయన బీయేను పిలిచి ఉగ్రుడయ్యాడు.

"ఏం చేశావమ్మా ఇది?"

"పద్నాలుగో నిబంధన సార్. మీరు సంతకం పెట్టారు."

"తీయించెయ్!"

"ముప్ఫై రోజులు ఉంచాలని ఉంది సార్. నిబంధన మార్చాలంటే, మార్పును కూడా ముందు ముప్ఫై రోజులు ప్రదర్శించాలి. పదిహేనో నిబంధన."

ఆమె వెటకారానికి అనలేదు. ఉన్నమాటే చెప్పింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువని డైరెక్టరు మొహం చూస్తే తెలిసింది.

ఇక్కడితో కథ ఆగితే అందరికీ బాగుండేది. కానీ అభ్యంతరాల ఫారాలు వంద అచ్చు వేయించారు. తొమ్మిదో రోజున వాటిలో ఒకటి ఖర్చయింది.

పంపు ఆపరేటరు ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బీయే బల్ల ముందు నిలబడి, "ఆ అభ్యంతరం ఫారం ఒకటి ఇవ్వమ్మా" అన్నాడు.

"దేనికి బాబాయ్?"

"బోర్డు మీద ఎనిమిది నెలలని ఉంది. తప్పు. పదకొండు. ఆవిడ ఎనిమిదంది, నేను పదకొండన్నా. మీ మామయ్య తక్కువ రాశాడు, అది ఆయన పద్ధతి. సుద్దముక్కతో ఉన్నంతకాలం ఊరుకున్నా. సర్కారు బోర్డు మీద తప్పుండకూడదు కదా."

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "బాబాయ్, దీంట్లో పేరు రాయాలి. ఎలా తెలుసో రాయాలి. వద్దు, ఇంటికెళ్లు."

"తెలుసమ్మా. రాయడానికే వచ్చా. రిజిస్టరులో ఆ పదకొండు సంతకాలూ నావే. బ్లీచింగు పొడి ఇవ్వలేదు, కూలీల్నివ్వలేదు. కడిగినట్టు పెట్టెయ్యమన్నారు, పెట్టా. నెలకొక అబద్ధం. మీ మామయ్య మాత్రం నా పేరు చెప్పాల్సొస్తుందని ఆ గడి వదిలేశాడంట కదా? నా మూలంగా ఆయనకు లైసెన్సు రాకపోతే ఎట్లా? ఇక్కడ నా పేరు నేనే రాసేస్తే, అక్కడ ఆ ఖాళీ నిండినట్టే కదా?"

ఆమె ఫారం తీసి ఇచ్చింది. ఆయన బల్ల మీదికి వంగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ రాశాడు. సంతకం దగ్గర మాత్రం చెయ్యి ఆగలేదు. అది పదకొండుసార్లు అలవాటైన చెయ్యి. పన్నెండోసారి నిజం కింద పెట్టింది.

ఆమె ఆ ఫారంతో పాటు మామయ్య దరఖాస్తు కూడా డైరెక్టరు ముందు పెట్టింది. "ఇరవై ఏడో ప్రశ్నకు సమాధానం వచ్చింది సార్. దరఖాస్తు మళ్లీ పరిశీలించాలి."

డైరెక్టరు రెండూ చూశాడు. చాలా రోజుల తరువాత ఆయన మొహంలో వెలుగు కనిపించింది.

"ఆ గడి దరఖాస్తుదారుడే నింపాలి. వేరేవాడు నింపితే చెల్లదు. తిరస్కరించండి. ఇక ఈయన... లైసెన్సు లేకుండా సమాచారం ఇచ్చాడు, రిజిస్టరులో దొంగ సంతకాలు పెట్టాడు. నీళ్ల శాఖకు రాయండి. సస్పెండు చేస్తారు."

"పెట్టమన్నవాళ్ల సంగతి సార్?"

"వాళ్లు అభ్యంతరం ఫారం ఇచ్చారా? ఇవ్వలేదుగా!"

ఆ ఉత్తరం టైపు చేసింది బీయేనే. టైపు చేయడం మానేస్తే ఇంకొకరు చేస్తారు, ఇంకా ఘోరంగా చేస్తారు అనుకుంది. అలా అనుకునే చాలామంది చాలా ఉత్తరాలు టైపు చేస్తారని కూడా ఆమెకు తెలుసు. కానీ ఉత్తరానికి వెనకాల ఒక కాగితం జతచేసింది. అభ్యంతరాలు తెలపమని నిబంధనే పిలిస్తేనే ఈయన వచ్చారని, చెప్పింది నిజమని ట్యాంకు బురద రుజువు చేసిందని, దానికి తానే సాక్షినని రాసి, తన పూర్తి పేరుతో సంతకం చేసింది. ఆమె జీవితంలో నిబంధన అడగకుండా రాసిన మొదటి కాగితం అది. నర్సమ్మ కూడా ఒకటి రాసిచ్చింది: "ఈ మనిషితో నాకు మాటల్లేవు. నేను ఎనిమిదన్నది తప్పు, ఆయన పదకొండు నెలల మాట మాత్రం నిజమే."

ఆ రోజు సాయంత్రం బీయే మామయ్య షాపుకు వెళ్లి ఖాళీ బోర్డు ముందు నిలబడింది.

"నీకు లైసెన్సు రాలేదు మామయ్యా. నేనే రాశాను, తిరస్కరించినట్టు."

"చారలు పడకుండా రాశావా?" అన్నాడాయన.

ఆమె నవ్వబోయి ఏడ్చింది. ఆయన స్టూలు ఆమె వైపు జరిపాడు. "ఇంతకీ గులాబీవాడికిచ్చారుగా. ఇప్పుడు చెప్పు, నీ టీచరమ్మ పరువు ఏ బీరువాలో భద్రంగా ఉంది?"

ఆమె కళ్లు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది.

అభ్యంతరం సరైనదే కాబట్టి నిబంధన ప్రకారం ఏడు బోర్డుల మీదా "ఎనిమిది" కొట్టేసి "పదకొండు" అని దిద్దారు. దిద్దింది ఎవరో చెప్పనక్కర్లేదు. ముప్ఫై రోజులూ గడిచాయి. ఆ పైన పద్నాలుగో నిబంధన కూడా రద్దయి గడిచిపోయింది. ఇప్పుడు తుడిచిన రాతను ఎక్కడా పెట్టరు.

మామయ్య ఇప్పుడు ఏమీ రాయడు. రోజూ పొద్దున్నే ఖాళీ బోర్డును తడిగుడ్డతో తుడుస్తాడు, అంతే. బోర్డు తడిగా ఉందంటే చెప్పడానికేదో ఉందని వీధికి తెలుసు. జనం లోపలికొస్తారు, ఆయన నోటితో చెబుతాడు. చట్టంలో "రాత" అని మాత్రమే ఉంది. నోటి మాటను కూడా చేర్చాలని డైరెక్టరు పైకి రాశాడట. ఆ ఉత్తరం ఇంకా బీయే బల్ల మీదే ఉంది. ఆమె దాన్ని చాలా శ్రద్ధగా, నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి సరిచూస్తోంది.

పంపు ఆపరేటరు మీద విచారణ నడుస్తూనే ఉంది. ఆయన ఇప్పుడు షాపులో రేకులకు మొదటి పూత వేస్తుంటాడు. బెంచీకి ఆ చివర నర్సమ్మ వచ్చి కూర్చుంటుంది. ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోరు. మామయ్య వాళ్లను రాజీ పడనివ్వడు.

మీరెక్కడున్నా సరే, కుళాయి తిప్పినప్పుడు నీళ్లు తేటగా వస్తే గ్లాసు ఎత్తే ముందు ఆ పంపు ఆపరేటరును ఒక్కసారి తలుచుకోండి. ఎవరో తనకోసం వదిలిపెట్టిన ఖాళీని నింపడానికి, మూడు నెలల లెక్క సరిచేయడానికి, ఉతికిన చొక్కా వేసుకుని మెట్లెక్కి వచ్చిన మనిషి ఆయన.